ఎఫ్రయీన్ పుట్టినరోజు

కొత్తగా చేరిన ఎఫ్రయీన్ మీద మా యజమానురాలు దొన్యా సొకొర్రోకి మొదటిరోజు నుంచీ అనుమానమే. గుర్తింపు కార్డు చూసింది, సర్కారు కంప్యూటర్లో పేరు కొట్టింది, పనికి అర్హుడనే వచ్చింది. అయినా ఆవిడ మనసు కుదుటపడలేదు. ఈ దేశంలో ఉండే కాగితాల్లేని మనిషిని పనిలో పెట్టుకున్నందుకు నిరుడు మా రొట్టెల బట్టీని కొన్నాళ్లు మూయించారు. ఇంకోసారి దొరికితే అరిజోనా చట్టం లైసెన్సే లాక్కుంటుంది. మొగుడు పోయాక ఆవిడకున్నదల్లా ఆ బట్టీయే.

"కంప్యూటరే సరేనన్నాక మీకెందుకు దొన్యా ఈ గోల?" అన్నాను, పిండి ఉండలు చేస్తూ. "తెలిసి పెట్టుకుంటేనే తప్పని లాయరు చెప్పాడుగా."

"నువ్వూరుకో డెల్ఫినా. ఇక్కడే టూసాన్‌లో పుట్టానంటాడు, ఇంగ్లీషు ముక్క అడిగితే బిక్కమొహం వేస్తాడు."

"ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉన్నారు, మీకు మాత్రం వచ్చిందా ఏమిటి?"

పెనాల దగ్గరున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మా దగ్గర ఎవరి పుట్టినరోజైనా మధ్యాహ్నం కేకు పెట్టి పాడతాం. ఆ మనిషి చేతులు కట్టుకుని మొదటి ముక్క నోటితోనే కొరకాలి. వంగగానే వెనకనుంచి మెడ పట్టి మూతి ముంచేస్తాం. ఆ గురువారం కేకు దొన్యాయే తెచ్చింది. ఎన్నడూ లేనిది! దాని మీద పేరు లేదు.

ఎఫ్రయీన్ చేతులు దులుపుకుంటూ వచ్చి అందరికన్నా గట్టిగా పాడాడు. "ఇంతకీ ఎవరిది? ఎవరి మూతి ముంచాలి?" అన్నాడు హుషారుగా.

పాట ఆగిపోయింది.

"నీదే నాయనా," అంది దొన్యా. "నీ కార్డులో ఉన్న తేదీ ఇవాళే."

వాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. నేను ఒక్క దూకు దూకి వాడి మెడ పట్టి కేకులో కుక్కాను. "దొంగ వెధవ! కేకు తప్పించుకుందామని నాటకాలా!"

అందరూ నవ్వారు. కాస్త ఎక్కువగానే నవ్వారు.

దొన్యా ఇప్పుడు వాణ్ని చూడటం లేదు, మమ్మల్ని చూస్తోంది, ఒక్కొక్కరినీ. ఇన్నాళ్లూ అనుమానమే. ఇప్పుడు తెలిసిపోయింది. తెలిసిందని మా అందరికీ తెలిసింది. మాలో ఎవరు అధికారులకి ఫోను చేసినా బట్టీ పోతుంది.

"మొహం కడుక్కో బాబూ," అంది చివరికి. "రేపట్నుంచి రాకు."

వాడు తలుపు దాటాక నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "నీకు ముందే తెలుసు కదూ?"

నేను కేకు ముక్కలు కోస్తూ ఉండిపోయాను. నోరు విప్పితే, ఆవిడకి ఇంకొంచెం తెలిసిపోతుంది.