పెదవి కదిలితే

గొడుగు బొమ్మ ఉన్న అట్టను భువన అచ్యుతరామయ్యగారి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఆయన దానివైపు చూశారు. కుడివైపుకు జారిన మూతి ఒకసారి వణికింది. ఎడమ పెదవి పైకి లేచింది. మెడ మీద నరం బిగుసుకుంది.

“గొడుగు,” అంది భువన.

ఆయన పెదవులు కదలడం, ఆమె మాట పడడం ఒక్కసారే జరిగాయి. పెదవులు ఆగిన చోటే మాటా ఆగింది. గుమ్మంలో నిలబడ్డ జగదాంబగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వారు.

“అచ్చం ఆయనే అన్నట్టుందమ్మా. నువ్వొచ్చిన ఈ గంటే ఈ ఇంట్లో మాట వినబడేది.”

కిటికీ దగ్గర చిన్న స్టాండుకు తగిలించిన ఫోను ఇదంతా రికార్డు చేస్తోంది. భువన తర్వాతి అట్ట తీసింది. తాళంచెవి. పెదవి కదిలింది. “తాళంచెవి,” అంది.

అచ్యుతరామయ్యగారు ముప్పై ఏళ్ళకు పైగా ప్రొడక్షన్ మేనేజరుగా చేశారు. వాన పడి షూటింగు ఆగినా, హీరోగారు అలిగి వెళ్ళిపోయినా, ఆయన పెట్టించే టిఫిను మాత్రం ఆగేది కాదని యూనిట్లలో చెప్పుకునేవారు. తణుకు దగ్గరి గొంతు, గట్టి గొంతు. ఆయన పిలిస్తే వీధి చివర వ్యాన్లో నిద్రపోతున్న డ్రైవరు లేచి కూర్చునేవాడట. ఉగాదికి ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యినీ, కాలినీ, మాటనూ తీసుకుపోయింది. చెప్పింది అర్థమవుతుంది. చెప్పాల్సింది నోటి దాకా వస్తుంది. అక్కడే నిలిచిపోతుంది.

ఆ నిలిచిపోయిన మాటను బయటికి తేవడమే భువన ఉద్యోగం. జూబ్లీ హిల్స్‌లోని ఒక స్పీచ్ థెరపీ క్లినిక్కు వాళ్ళు ఆమెను వేసవి నుంచి రోజూ ఈ ఫిల్మ్ నగర్ ఇంటికి పంపుతున్నారు.

ఇది ఆమె రెండో ఉద్యోగం. మొదటిది పలక పట్టకముందే మొదలైంది. వాళ్ళమ్మ శకుంతలమ్మ గుంపు గొంతుల డబ్బింగు చెప్పేది. పెళ్ళి సీనులో ముత్తయిదువలు, ఆస్పత్రిలో నర్సులు, బస్టాండులో అరుపులు, చావింట్లో ఏడుపులు అన్నీ ఆవిడవే. సినిమా చివర పడే పేర్లలో ఆవిడ పేరు ఏనాడూ పడలేదు. మోతీనగర్ నుంచి కూతుర్ని స్టూడియోకు వెంటబెట్టుకొచ్చేది. చంటిపిల్లల గొంతు కావాల్సొచ్చినప్పుడు భువనను మైకు ముందుకు తోసేవారు. ఇంట్లో “వచ్చిండు” అనే పిల్ల మైకు ముందు “వచ్చాడండీ” అనడం అక్కడే నేర్చింది. డబ్బింగ్ ఇన్‌చార్జ్ త్రినాథరావు నేర్పిన పాఠం ఒక్కటే.

“పెదవి కదిలితే మాట పడాలమ్మా. ఖాళీ పెదవి కనబడిందంటే హాల్లో జనం నవ్వుతారు.”

ఆ గొంతుతోనే ఫీజులు కట్టుకుని భువన మాటకు, వినికిడికి సంబంధించిన డిగ్రీ చదివింది. పీజీ కూడా చేస్తేనే ఆ రంగంలో ఒక మనిషిగా నిలబడేది. ప్రతి ఏడూ అప్లికేషను మొదలుపెట్టేది. ఒక ఏడు అమ్మకు ఆపరేషను అయింది. ఒక ఏడు పెద్ద సీరియల్లో హీరోయిన్ స్నేహితురాలి గొంతు దొరికింది. మిగిలిన ఏళ్ళు ఏ కారణమూ లేకుండానే గడిచిపోయాయి. మాట దగ్గర అంత తొందర ఉన్న మనిషికి అప్లికేషను దగ్గర ఎక్కడలేని నింపాది. ఇప్పుడు ముప్పై దాటింది. మంగుళూరు వైపు ఒక కాలేజీవాళ్ళు, తాను వైద్యం చేస్తున్న రోగి మాట్లాడే చిన్న వీడియో ఒకటి, పెద్దవాళ్ళు ఎవరైనా రాసిన సిఫారసు ఒకటి పంపమన్నారు. రేపే ఆఖరి తేదీ. ఈసారి పంపకపోతే ఇక ఎప్పటికీ పంపనని ఆమెకు తెలుసు. అందుకే జగదాంబగారిని అడిగి ఇవాళ ఫోను పెట్టుకుంది.

పొద్దు ఎక్కకముందే క్లినిక్కు చేరింది. సిఫారసు రాయాల్సింది క్లినిక్కు నడిపే మైత్రేయి మేడమే. ఆవిడ కాఫీ తాగుతూ వీడియో అంతా చూసి కప్పు కింద పెట్టింది.

“భువనా, ఇందులో పేషెంట్ ఎక్కడ?”

“ఎదురుగానే ఉన్నారు కదా మేడమ్.”

“కనిపిస్తున్నారు. కళ్ళు మూసుకుని విను.”

మైత్రేయి వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టింది. భువన కళ్ళు మూసుకుంది. గొడుగు. తాళంచెవి. అరటిపండు. స్పష్టంగా, చక్కగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా ఒకే గొంతు వినబడింది. అది తనదే. ఇంకో మనిషి ఆ గదిలో ఉన్న జాడే లేదు.

“నువ్వు ఆయనకి హెల్ప్ చెయ్యట్లేదు, డబ్బింగ్ చెప్తున్నావు,” అంది మైత్రేయి. గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేదనిపించింది భువనకు. “మొదటి అక్షరం అందించి ఆగిపోవాలి. ఆయన వెతుక్కోవాలి. నీకు చెప్పాను కదా ఇది.”

“ఆగితే ఆయన చాలా అవస్థ పడతారు మేడమ్.”

“పడనీ. నోరు ఆయనది.” మైత్రేయి ఫోను ఆమె వైపు జరిపింది. “ఈ వీడియో చూసి నేను లెటర్ రాయలేను. సాయంత్రం ఇంకోసారి ట్రై చెయ్. ఒక్క మాట చాలు, సగం మాటైనా పర్లేదు, ఆయనది అయితే చాలు. రేపు పొద్దున్నకి కూడా టైముంది.”

భువన మెట్లు దిగి బయట నిలబడింది. ఎదురుగా రెస్టారెంటు ముందు కార్ల డ్రైవర్లు గోడ నీడన కబుర్లాడుకుంటున్నారు. వేసవిలో తాను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన గొంతులోంచి ఏదో వచ్చేది. మూలుగులాంటిది, గరగరలాడేది, కానీ ఆయనది. అది ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. వినే మనిషైతే కదా గుర్తుండడానికి. తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ఫిల్మ్ నగర్‌లో డబ్బింగు ఉంది. పెళ్ళి పందిరి, గుంపు గొంతులు. మిగతా ఆడవాళ్ళతో కలిసి మైకు చుట్టూ నిలబడి “రండి రండి, భోజనాలు చేసి వెళ్ళండి” అంది. తెర మీద ఎవరో పెద్దావిడ పెదవి కదిపింది. భువన గొంతు తనంతట తానే వెళ్ళి ఆ పెదవి మీద కూర్చుంది. త్రినాథరావు అద్దం అవతలి నుంచి బొటనవేలు ఎత్తి చూపాడు. ఏ రోజైనా ఆ వేలు చూస్తే ఆమెకు కడుపు నిండేది.

విరామంలో వాళ్ళమ్మ ఫోను చేసింది.

“తిన్నవా బిడ్డా?”

“ఆఁ, తిన్న.”

“పంపినవా మరి గా అప్లికేషను?”

“రేపు పంపుత అమ్మా.”

“నువ్వు రేపంటే నాకు భయమైతది,” అంది శకుంతలమ్మ.

దీపాలు పెట్టే వేళకు భువన మళ్ళీ అచ్యుతరామయ్యగారింటికి వెళ్ళింది. ఒకే రోజు రెండోసారి వచ్చినందుకు జగదాంబగారు సంబరపడి ఉప్మా పెట్టబోయారు. భువన తర్వాత తింటానంది. ఫోను కిటికీ దగ్గర పెట్టి, ఈసారి అట్టలు తియ్యకుండా, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

“సార్, ఇప్పుడు మీకేం కావాలో చెప్పండి.”

ఆయన ఆమెను చూశారు. పెదవి కదిపారు. కదిపి, మీట నొక్కినవాడు బల్బు వైపు చూసినట్టు ఆమె నోటివైపు చూశారు. ఇన్నాళ్ళూ తాను ఆయనకు నేర్పింది ఇదే.

“నేను చెప్పను సార్. మీరే చెప్పాలి. ఎంతసేపైనా కూర్చుంటాను.”

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ పెదవి కదిపారు. భువన పళ్ళు బిగించుకుంది. ఆయన ఎడమ చెయ్యి దుప్పటిని గుప్పిట పట్టింది. నుదుటి మీద చెమట పట్టింది. వీధిలో ఎవరిదో ఆటో ఆగి వెళ్ళిపోయింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి ఆయనకు, అవి కోపానివో, అవమానానివో.

“ఎందుకమ్మా ఆయన్నలా సతాయిస్తావు?” అన్నారు జగదాంబగారు తలుపు దగ్గర నుంచి. “నీకు తెలుస్తుందిగా. చెప్పెయ్యరాదూ!”

భువన చెయ్యెత్తి ఆగమంది.

అప్పుడు వచ్చింది. ఎక్కడో అడుగునుంచి, తుప్పుపట్టిన గొళ్ళెం కదిలినట్టు, మందంగా, బొంగురుగా. “మ్... మా...”

“మంచినీళ్ళు!” అంది భువన.

అనేసింది. సంతోషం పట్టలేక అందో, అలవాటు కొద్దీ అందో ఆమెకే తెలియలేదు. ఆయన నోరు తెరిచినట్టే తెరిచి, మెల్లగా మూసేశారు. తల గోడవైపు తిప్పుకున్నారు. “అయ్యో, దాహమా! ఆ మాత్రం దానికి ఇంతసేపా,” అంటూ జగదాంబగారు వంటింట్లోకి పరుగెత్తారు.

భువన లేచి ఫోను ఆపింది. “ఇవాళ బాగా చేశారు సార్. రేపు పొద్దున్నే వస్తాను. రేపు నేను నోరు తెరవను,” అంది. ఆయన తిరిగి చూడలేదు. ఉప్మా తినకుండానే ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తెల్లవారుతుండగా జగదాంబగారు ఫోను చేశారు. ఆయన నిద్రలోనే పోయారని చెప్పి, నువ్వొకసారి రామ్మా అన్నారు.

భువన వెళ్ళేసరికి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. పాత యూనిట్లవాళ్ళు ఒకరొకరే దిగుతున్నారు. ఆయన్ను ముందు హాల్లో పడుకోబెట్టారు. జగదాంబగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆయన పడుకునే లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

“నీ ఫోనులో ఆయన గొంతు ఉందామ్మా? జబ్బుపడ్డాక అన్న మాట ఒక్కటైనా?”

భువన నిన్న సాయంత్రం వీడియో తీసి పెట్టింది. ఇద్దరూ మంచం అంచున కూర్చుని చూశారు. “మ్... మా...” “మంచినీళ్ళు!”

“ముందుది ఆయనే కదూ! మళ్ళీ పెట్టు.” మళ్ళీ పెట్టింది. ఇంకోసారి పెట్టమన్నారు. “నీ గొంతు తీసేసి ఆయనదొక్కటే వచ్చేలా చెయ్యలేవూ? మీ సినిమావాళ్ళకు అదేమంత పనని.”

చెయ్యొచ్చు. కానీ తన గొంతు తీసేస్తే దాని కింద ఏమీ లేదు. తాను మొదలుపెట్టిన చోట ఆయన ఆపేశారు.

“మంచినీళ్ళేగా అడిగారు?” అన్నారు జగదాంబగారు. “ఆఖరుగా అడిగింది అదేనని చెప్పుకోవచ్చుగా నలుగురికీ?”

ఔనంటే అయిపోయేది. ఆవిడ ముఖంలో ఆ మాట కోసం ఎదురుచూపు భువనకు కనబడుతూనే ఉంది.

“నాకు తెల్వదమ్మా,” అంది. “సారు ‘మా’ అన్నడు. మిగిలింది నేనే అన్న. ఆగుంటే చెప్పెటోడు.”

“మరి ఇన్నాళ్ళూ?”

“ఇన్నాళ్ళు గూడ నేనే.”

జగదాంబగారు ఆమె వైపు తిరిగారు. “మొన్న నా వంకాయ కూర బాగుందని ఆయన అన్నదీ?”

అదీ నేనేనన్నట్టు భువన తల ఊపింది. ఏడుపు ఆగలేదు.

“అనుకున్నాను,” అన్నారు జగదాంబగారు. “కాపురానికొచ్చింది మొదలు కూర బాగుందని అన్న మనిషి కాదు. అయినా విన్నాను.” ఎవరో బయటినుంచి పిలిచారు. ఆవిడ లేచి, చెంగు భుజం చుట్టూ కప్పుకుని, భువన తల మీద ఒకసారి చెయ్యి పెట్టి హాల్లోకి వెళ్ళారు. ఆ చెయ్యి దీవెనో, ఓదార్పో, ఊరికే ఆసరాకు పెట్టిందో భువనకు తెలియలేదు.

ఫోను మోగింది. మైత్రేయి. “వీడియో పంపావా?”

“లేదు మేడమ్. పంపను.”

ఎందుకని మైత్రేయి అడుగుతుండగానే ఫోను పెట్టేసింది. ఆయన సొంతంగా అన్న ఒకే ఒక్క అక్షరాన్ని, తాను తొక్కేసిన అక్షరాన్ని, సీటు కోసం చూపించడానికి ఆమెకు చేతులు రాలేదు. అమ్మకు ఏం చెప్పాలో తర్వాత ఆలోచించుకోవచ్చు. నిన్న కిటికీ దగ్గరే వదిలేసిన స్టాండు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

మంచం పక్కన స్టూలు మీద, నిన్న సాయంత్రం జగదాంబగారు తెచ్చిన స్టీలు గ్లాసు మూతపెట్టి ఉంది. మూత ఎత్తి చూసింది. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి.