ఆరింటి హాజరు

కాలేజీలో ప్రాక్సీ చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. నలుగురి గొంతులు అచ్చుగుద్దినట్టు దించేవాణ్ణి. ఏం ఘనకార్యమో! ఈ కొండమీది మిలిటరీ బేస్‌కి వచ్చిన నాలుగో రోజున ఆ విద్యే ఒక మనిషిని మింగేసింది.

మొదటి మూడు రోజులూ ఊపిరాడక చచ్చాను. బూట్లు విప్పడానికి వంగితే కళ్ళు తిరిగేవి. పక్క మంచం అతను అందర్నీ ‘బావా’ అని పిలుస్తాడు కాబట్టి అతనికీ బావ అనే పేరే స్థిరపడిపోయింది. వేడినీళ్ళ మగ్గు నా నోటి దగ్గర పెట్టి తాగించాడు. “మొదట్లో అందరూ ఇంతే బావా. నేనైతే అమ్మా అని ఏడ్చాను” అంటూ నవ్వించాడు. అలాంటివాణ్ణి నేనేం చేశానో వినండి.

నాలుగో రోజు మధ్యాహ్నం అతనికి పాప పుట్టిందని ఆఫీసు ఫోన్‌కి కబురొచ్చింది. దాన్ని సొంత మాటలకి మా చేతికివ్వరు. మా ఫోన్లకి సిగ్నల్ దొరికేది కంచె అవతల, గట్టు చివర. అటు వెళ్ళడం నిషేధం. పట్టుబడితే వచ్చే నెల సెలవు రద్దు.

“ఆరింటికి నా నంబరు పిలిస్తే నువ్వు పలుకు బావా. పాప ఏడుపు విని వచ్చేస్తా, అంతే.”

“నువ్వెళ్ళు, నేను చూసుకుంటాగా” అన్నాను, పెద్ద మొనగాడిలా.

ఆరింటికి మంచు కురవడం మొదలైంది. అందరి ముఖాలకీ ముసుగులే. వెనక వరసలో నిలబడి, బావ నంబరుకి బావ గొంతుతో “హాజర్ సార్” అన్నాను. సార్జెంటు లెక్క సరిపోయింది.

ఏడైనా రాలేదు. కంచె దాకా వెళ్ళి పిలిచాను. ఆ గాలికి నా కేక నాకే వినబడలేదు. చెబితే అతని సెలవు పోతుందనుకున్నాను. అబద్ధం. నా తోలు వలుస్తారని భయం. ఎనిమిదింటి హాజరులో మళ్ళీ అతని నంబరు పిలిచారు. చెప్పేద్దామనే నోరు తెరిచాను, “హాజర్ సార్” అని వచ్చింది. ఛీ, నా బతుకు!

తొమ్మిదింటికి సార్జెంటు దగ్గరికి పరిగెత్తాను. “బావ మంచం మీద లేడు సార్. గట్టు వైపు వెళ్ళాడేమో” అన్నాను. మిగతాది మింగేశాను. వెళ్ళి చూస్తే గట్టు కింద కాలు విరిగి పడి ఉన్నాడు, కొయ్యబారిపోయి. కాలు విరిగినంత మాత్రాన చావడని, రెండు గంటల లోపు మోసుకొచ్చుంటే ప్రాణం నిలబెట్టేవాణ్ణని డాక్టరు అన్నాడు. “గంటలో ఇంత బిగుసుకుపోవడమేంటి?” అనీ అడిగాడు. సార్జెంటు హాజరు పుస్తకంలో ఎనిమిదింటి గుర్తు చూపించాడు. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

రెండు రోజుల తర్వాత అతని భార్య ఆఫీసుకి ఫోన్ చేసింది. పక్క మంచం వాడివి, నువ్వే మాట్లాడమని సార్జెంటు నా చేతికిచ్చాడు.

“పాప ఏడవకపోతే పాదం గిల్లి ఏడిపించి వినిపించాను అన్నయ్యా” అంది. “హాజరుంది, పెట్టేస్తానన్నారు. మళ్ళీ చెయ్యమని నేనే పీడించాను. ఎనిమిదింటి హాజరులో ఉన్నారట, అందుకే ఆ తర్వాత మళ్ళీ వెళ్ళినట్టున్నారు. చేజేతులా చంపుకున్నాను.”

సరేనమ్మా, ధైర్యంగా ఉండు అని పెట్టేస్తే సరిపోయేది. నా వల్ల కాలేదు.

“లేదమ్మా. ఒక్కసారే వెళ్ళాడు, తిరిగి రాలేదు. హాజరు పలికింది నేను. రెండుసార్లూ నేనే.”

సార్జెంటు కుర్చీలోంచి లేచాడు.

“ఆరింటికే చెప్పుంటే బతికేవారా?” అంది.

“బతికేవాడమ్మా” అన్నాను.