ఆగుడు బ్యాండు

బిందెను చుట్టకుదురు మీద నిలబెట్టి, పొట్ట దగ్గర, మధ్యవేలి కణుపుతో ఒక్కసారి కొట్టాలి. రెండోసారి కొట్టకూడదు. మొదటి దెబ్బలో బిందె చెప్పేది వినిపిస్తుంది. రెండో దెబ్బలో మనం వినాలనుకున్నది వినిపిస్తుంది. మంచి ఇత్తడి మోత నిదానంగా సన్నబడి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా ముగుస్తుంది. నెర్రె పట్టిన బిందె మోత నడుమనే తెగిపోతుంది. కంటికి ఆనని వెంట్రుకంత నెర్రె కూడా చెవికి దొరుకుతుంది. ఈ పని నాకెవరూ నేర్పలేదు, చేయమని అడగనూ లేదు. పెళ్ళయి శాలిబండకు వచ్చిన మొదటి నెలలో, ఇంటి వెనక గోదాము ఊడుస్తూ, అప్పుడే దించిన సరుకును ఊరికే కొట్టి చూసి నాలుగు బిందెలు పక్కన పెట్టాను. నీళ్ళు పోస్తే ఆ నాలుగూ కారాయి. ఆ తరువాతి సోమవారం నుంచి అది నా పని అయింది. అలా ముప్పై ఎనిమిదేళ్ళు.

"రామలింగం సేఠ్ దుకాన్ల నెర్రె బిందె దొరకది భాయ్" అని లాడ్ బజార్ దాకా చెప్పుకుంటారు. రామలింగం నా భర్త. ఆ మాట వినిపించినప్పుడు ఆయన తల కొద్దిగా వంచి దాన్ని స్వీకరిస్తాడు. గిరాకీలు ఉన్నప్పుడు నేను గోదాము తలుపులో కనబడితే మాత్రం, "మా ఇంటామెకు జర తిక్క. గిన్నె కనబడితే కొట్టకుంట ఉండది" అని వాళ్ళను నవ్విస్తాడు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఇదే మాటను నవ్వు లేకుండా అనేవారు. నేను వంటింట్లో గిన్నెలను వాటి మోతను బట్టి సర్దుకునేదాన్ని. మిక్సీ తిరిగితే పెరట్లోకి పోయి నిలబడేదాన్ని. ఐదుగురు చుట్టాలు ఒకేసారి మాట్లాడితే నాకు ఒక్కరి మాటా అర్థమయ్యేది కాదు. "కోడలికి చెవులు పెద్దగిచ్చి తెలివి చిన్నగిచ్చిండు దేవుడు" అని ఆవిడ తీర్మానం. అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసిన నేను, జీతం లేని శ్రమ మీద పరీక్షలో పన్నెండు పేజీలు రాసిన నేను, ఆ తీర్మానాన్ని నమ్మాను. ఇంతకంటే సిగ్గుపడవలసిన విషయం నా జీవితంలో మరొకటి లేదు.

కీర్తిప్రియ నా కూతురు. దానికిప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. రోజుకు ఇరవై మాటలకు మించి మాట్లాడదు, ఎర్ర రంగు కంటబడితే భరించలేదు, ప్రెషర్ కుక్కర్ కూత పెట్టబోయే ముందు క్షణాన్ని పక్కగదిలోంచి పసిగట్టి చెవులు మూసుకుంటుంది. "అన్నీ నీ పోలికలే" అంటాడు రామలింగం, నేరం మోపుతున్నట్టుగా. మూడేళ్ళ క్రితం ఒక చిన్న వయసు డాక్టరమ్మ దానికి ఆటిజం అన్న పేరు చెప్పి, నా చేతికి కొన్ని ప్రశ్నల కాగితాలు ఇచ్చింది. కీర్తి గురించి నేను జవాబులు రాయాలి. మోతలు బాధపెడతాయా? వస్తువులు ఒక వరుసలోనే ఉండాలా? గుంపులో మాటలు కలిసిపోతాయా? ఇరవై రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. అప్పటిదాకా నేను ఎవరి గురించి రాస్తున్నానో నాకే తెలియలేదు. డాక్టరమ్మ ఆ కాగితాలు చివరిదాకా చదివింది. ఒక చిరునామా రాసిచ్చి, "మీరిద్దరు పోండమ్మా" అంది. ఆ 'ఇద్దరు' అన్న మాటను నేను ఆటోలో ఇంటిదాకా చేతిలో పట్టుకున్నట్టే తెచ్చుకున్నాను.

ఆ చిరునామా మా గల్లీకి నాలుగు గల్లీల అవతల ఉన్న పాత కుట్టుమిషన్ల షెడ్డు. చర్చి కొయిర్‌లో పాడుతూ పెరిగి, బడిలో సంగీతం చెప్పే సుజన అక్కడ ఒక బ్యాండు నడుపుతోంది. మొదటి రోజు నేను అలవాటు ప్రకారం నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన బెంచీ కోసం వెతికాను. ఇరవై ఆరేళ్ళుగా నేను కూర్చున్నది ఆ బెంచీ మీదనే. ప్రతి ఆస్పత్రిలో, ప్రతి బడిలో తల్లుల కోసం ఒకటి ఉంటుంది. తండ్రుల కోసం ఎవరూ వేయరు, వాళ్ళు రారు కనుక.

"ఈడ బెంచీ లేదమ్మా" అంది సుజన. "లోపలికొచ్చినోళ్ళు వాయించాలె. లేకుంటే బయట హోటల్ల కూసొని చాయ్ తాగాలె."

"నాకేమీ రాదు."

"ఏమీ రానోళ్ళు నాకింకా దొరకలే."

నేను పక్కనున్న స్టీలు బకెట్‌ను కణుపుతో కొట్టాను. మూల కూర్చున్న బట్టతల మనిషి చటుక్కున తల ఎత్తాడు. అతని పేరు ఎల్లప్ప. పెళ్ళి బ్యాండుల్లో పదిహేనేళ్ళు డ్రమ్ము వాయించినవాడు. అతనికి ఒక నియమం ఉంది: మొదలుపెట్టిన ఎనిమిది దెబ్బలూ పూర్తిచేయకుండా ఆగలేడు. బరాత్ ఆగినా, పెళ్ళికొడుకు గుర్రం దిగినా, పోలీసు విజిల్ వేసినా, ఎనిమిది అయ్యాకే. అందుకే ఏ బ్యాండూ అతన్ని ఉంచుకోలేదు. ఎల్లప్ప ఆ బకెట్ వైపు వేలు చూపించి, "కింద బొక్క పడింది గదా అమ్మా?" అన్నాడు. తిప్పి చూస్తే సూదిమొనంత రంధ్రం. ముప్పై ఐదేళ్ళకు, నాకు వినిపించింది విన్న మరొక మనిషి కనబడ్డాడు. నాకు నవ్వు వచ్చింది. గట్టిగా నవ్వాను. కీర్తి చెవులు మూసుకుని తనూ నవ్వింది.

ఆ బ్యాండులో ఒక పసుపు గుడ్డ ఉంది. ఎర్ర గుడ్డ అయితే కీర్తి భరించలేదు కనుక పసుపుది పెట్టుకున్నాము. మోత భరించలేనివాళ్ళు, వరుస తప్పినవాళ్ళు, ఊరికే ఊపిరి పీల్చుకోవాలనుకున్నవాళ్ళు, ఎవరైనా సరే దాన్ని ఎత్తవచ్చు. ఎత్తితే అందరూ ఆగాలి. ఎల్లప్ప మాత్రం తన ఎనిమిది పూర్తిచేసి ఆగుతాడు. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఎత్తినవాళ్ళు దించేదాకా ఎంతసేపైనా నిలబడాలి. దించాక ఆ చరణం మొదటి నుంచి అందుకోవాలి. అందుకే బస్తీవాళ్ళు మాకు 'ఆగుడు బ్యాండు' అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. సుజన ఆ పేరే పెద్ద అక్షరాలతో బ్యానరు రాయించింది.

నేను ఇంటి నుంచి ఏడు బిందెలు తెచ్చాను. ఆరు మంచివి, ఒకటి కీర్తి పట్టుబట్టి మోసుకొచ్చిన నెర్రె బిందె. దాన్ని వాపసు సరుకులో వేయబోతుంటే సుజన ఆపింది. "దీని మోత పొట్టిగుందమ్మా. పొట్టి మోత కావాల్సిన చోటు పాటల ఉంటది. దొరుకుతది, ఉండనియ్యి." దొరికింది. ప్రతి చరణం చివర, ఆరు బిందెల మోత ఇంకా సాగుతూ ఉండగా, ఏడోది తలుపు గొళ్ళెం పడ్డట్టు 'టక్' మని ముగిస్తుంది. ఆ ఒక్క దెబ్బ కీర్తిది. దాని కోసం అది చరణమంతా పెదవులు బిగబట్టి ఎదురుచూస్తుంది. కొట్టగానే రెండు అరచేతులూ గాలిలో ఊపుతుంది. మాలో చప్పట్లు లేవు. అందరమూ అలాగే చేతులు ఊపుతాము. మంగళ, శుక్రవారాల్లో నాలుగింటి నుంచి ఆరింటి దాకా నేను ఎవరి కోడలినో, ఎవరి ఇంటామెనో గుర్తు ఉండేది కాదు. అరవయ్యేళ్ళ వయసులో, షెడ్డు నేల మీద బాసింపట్టు వేసుకుని, చెమట కారుతూ బిందెలు కొట్టే మనిషిని. ఇంత సంతోషం ఇంత దగ్గరలో, నాలుగు గల్లీల అవతల, ఉంటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

బోనాల ఆదివారం పొద్దున పదింటికి, డీజే బండ్లు కదలకముందే, షెడ్డు ముందు గల్లీలో మా మొదటి ప్రదర్శన. ఆ సంగతి చెప్పిన నాడు రామలింగం పేపరు దించలేదు.

"ఆదివారం మా తమ్ముళ్ళొస్తున్నరు. ఎరుకేనా?"

"ఎరుకే. అన్నం వండిపెడుత, పులుసు కాచిపెడుత. కలుపుకొని తినుండ్రి."

"పండుగనాడు ఇంటామె గల్లీల బిందెలు కొట్టుకుంట కూసుంటే ఇజ్జత్ ఉంటదా? పిల్లనంటే పిచ్చిదనుకుంటరు. నిన్నేమనుకోవాలె?"

"ముప్పై ఎనిమిదేండ్ల సంది గోదాముల గదే కొడుతున్న గద."

"గది దుకాన్ పని."

ఆ తేడా ఆయన ఎంత స్పష్టంగా చెప్పాడంటే, దాన్ని నా పరీక్ష కాగితంలో ఉదాహరణగా రాసి ఉండవలసింది.

ఆదివారం నాలుగింటికే లేచి అన్నం వండాను, చింతపండు పులుసు కాచాను, పోపు వేసి పక్కన పెట్టాను. కలపడం ఒక్కటే మిగిల్చాను. నలుగురు మగవాళ్ళకు, ఎనిమిది చేతులకు, అది మోయలేని భారం కాదని నా అంచనా.

గల్లీ నిండిపోయింది. మొదటి పాట మొదటి చరణం సగంలో ఉండగా బ్యాండు మొత్తం ఆగింది. ఎల్లప్ప ఎనిమిది కూడా అయిపోయాయి. ఎవరూ గుడ్డ ఎత్తలేదు. మా గుడ్డ కీర్తి ఒళ్ళోనే ఉంది. ముందు వరుసలో పూలమ్మే కాశమ్మ, పసుపు చీర కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. అప్పుడు నాకు అర్థమైంది. బోనాల నాడు గల్లీలో ఉన్న ప్రతి ఆడమనిషి కొంగూ పసుపే. మూడేళ్ళుగా పసుపు కనిపిస్తే ఆగడమే నేర్చుకున్న మాకు, ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు.

"ఏందే, ఎందుకు ఆపిన్రు?" అంది కాశమ్మ, కొంగు ఇంకా గాలిలోనే పట్టుకుని.

"ఎందుకని అడుగొద్దు పెద్దమ్మా, గది మా రూలు" అన్నాడు ఎల్లప్ప. "నువ్వు దించితే మొదలుపెడుతం."

"నేను దించితేనా?" కాశమ్మ దించింది. బ్యాండు మొదలైంది. ఆమె కాసేపు ఆలోచించి మళ్ళీ ఎత్తింది. ఆగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆమె మాట మీద ఇంతమంది ఒక్కసారిగా ఆగడం ఎన్నడూ చూడలేదేమో, నోరంతా తెరిచి నవ్వింది. ఆ తరువాత పాట ఎన్నిసార్లు ఆగిందో నేను లెక్కపెట్టలేదు. ఒక మూల నుంచి ఒక కొంగు, మరో మూల నుంచి ఇంకొకటి. ఆగినప్పుడల్లా గల్లీ అంతా ఎల్లప్పతో కలిసి ఎనిమిది దాకా అరిచి, చటుక్కున నిశ్శబ్దమయ్యేది. కీర్తి చెవులు మూసుకోవడం మరిచిపోయింది.

మూడో పాటలో రామలింగం వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ నేరుగా నా ముందుకు వచ్చి, మోగుతున్న నాలుగో బిందె మీద అరచెయ్యి వేశాడు. మోత చచ్చిపోయింది. డ్రమ్ముల హోరులో ఆయన పెదవులు కదలడం మాత్రమే కనబడింది. నా చేయి గాలిలో ఆగింది. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. లేవడానికి మోకాలు అప్పటికే కదిలింది.

కీర్తి పసుపు గుడ్డ ఎత్తింది.

ఎల్లప్ప దెబ్బలు, గల్లీ గొంతు: ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఆ వెంటనే పడిన నిశ్శబ్దంలో, హోరును మించి అరుస్తున్న నా భర్త గొంతు ఒంటరిగా గల్లీ చివరిదాకా వినబడింది.

"...ఇంట్ల పులిహోర ఎవరు కలపాలె?"

ఎవరూ నవ్వలేదు. ఆగినప్పుడు మాట్లాడకూడదని అప్పటికి అందరికీ తెలుసు. ఆయన చుట్టూ చూశాడు. "ఎందుకు ఆపిన్రు?" అన్నాడు.

"ఎందుకని అడుగొద్దు సేఠ్" అంది కాశమ్మ. "గది రూలు. పిల్ల దించాలె."

పిల్ల దించలేదు. అది తండ్రి ముఖం వైపు చూడదు, ఎవరి ముఖం వైపూ చూడదు. నాలుగో బిందె మీద ఉన్న చేతినే చూస్తోంది. నా మోకాలు తిరిగి నేలకు ఆనింది. ఎంతసేపో చెప్పలేను. రామలింగం ముందు తన చేతిని చూసుకున్నాడు, తరువాత తీశాడు. కీర్తి గుడ్డ దించింది. మేము చరణం మొదటి నుంచి అందుకున్నాము. చివర ఏడో బిందె 'టక్' మన్నప్పుడు గల్లీలోని చేతులన్నీ గాలిలో ఊగాయి. రామలింగం వెళ్ళిపోలేదు, జనం నిండి దారి లేదు. ఆఖరి పాట దాకా నిలబడి విన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మరుదులు భోంచేసి వెళ్ళిపోయారు. పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది. మిగిలినది నేను, కీర్తి మజ్జిగ తాగుతూ తిన్నాము.

ఈరోజు సోమవారం. పొద్దున కొత్త సరుకు దిగింది. గోదాము తలుపు గొళ్ళేనికి పసుపు గుడ్డ కట్టి, వంటింట్లోకి వచ్చి కీర్తితో పాటు చాయ్ తాగడానికి కూర్చున్నాను. రామలింగం దాన్ని చూశాడు. ఏదో అడగబోయి ఆగాడు. తరువాత లోపలికి వెళ్ళాడు. గోడ అవతల నుంచి కణుపు దెబ్బ వినిపించింది. మోత నడుమనే తెగింది. నేను, కీర్తి ఒకరి గ్లాసు ఒకరం చూసుకున్నాము. ఆయన రెండోసారి కొట్టాడు. ఆ తరువాత ఆ బిందెను మంచివాటి వరుసలో పెట్టిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది.

నేను చాయ్ రెండో గుక్క తాగాను.