పల్సానాలో సైకిల్ దిగిన శ్యాంసుందర్

శ్యాంసుందర్ సైకిల్ పందేలకు పోతాడని సూరత్ బస్తీ బమ్రోలిలో అందరికీ తెలుసు. ఆ పందేల్లో అతను చేసే పని ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. తప్పు వాళ్లది కాదు, అతనే చెప్పలేదు.

పంజాబ్‌లో ఒక సైకిళ్ల కంపెనీ నెలజీతం ఇచ్చి అతన్ని తన జట్టులో పెట్టుకుంది. జట్టులో ఆరుగురు. ఆ ఆరుగురిలో గెలవాల్సినవాడు ఒక్కడే, బికనీర్ నుంచి వచ్చిన ఓంప్రకాష్. మిగతా అయిదుగురూ అతని కోసం తొక్కాలి. ఎదురుగాలి వీస్తే ముందుండి ఆ గాలి తాము తినాలి. వెనక వచ్చే కంపెనీ జీపు దాకా జారిపోయి, నీళ్ల సీసాలు బనీనులో కుక్కుకుని, మళ్లీ రొప్పుతూ గుంపును అందుకుని పంచిపెట్టాలి. అందరికంటే ఎక్కువ నీళ్లు మోసేది శ్యాంసుందరే. ఈ ముక్క ఇంట్లో చెప్పడానికి మూడేళ్ల నుంచి అతనికి మంచి ముహూర్తం దొరకలేదు.

తండ్రి సాంబయ్య సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ తలనెరిసినవాడు. "కంపెనోళ్లు ఊకెనే పెట్టుకుంటరా? ఫస్టు వచ్చేటోణ్ణే పెట్టుకుంటరు" అని ఆయన ఒకనాడు తేల్చేశాడు. పక్కింటి బ్రహ్మచారి, పేరుకే బ్రహ్మచారి, అయిదుగురు పిల్లల తండ్రి, ఆ మాటను బస్తీ అంతా చేరవేశాడు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాలేదు.

తొంభై ఏడు చలికాలంలో బొంబాయి నుంచి అహ్మదాబాద్ దాకా అయిదు రోజుల పందెం పెట్టారు. రెండో రోజు వాపిలో బయలుదేరి సూరత్ చేరాలి. బొంబాయిలో పందెం మొదలయ్యే ముందు శ్యాంసుందర్ బమ్రోలిలోని కిరాణా కొట్టుకు ఫోన్ చేసి తల్లిని పిలిపించుకున్నాడు.

"మేమంత పల్సానా నాకా కాడ నిలవడుతం బిడ్డా" అంది సారక్క. "మీ బాపు కార్ఖానా గాడనే గద. సేటు గంటసేపు సాంచాలు బంద్ పెడ్తనన్నడు."

"గంటసేపా? ఎందుకవ్వా?"

"నువ్వు ఫస్టు వచ్చుడు చూడాలె గద మరి. వస్తవు గద?"

శ్యాంసుందర్ "చూద్దాం" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, ఆ మాటకు వాళ్లు ఏ అర్థం తీసుకుంటారో అతనికి తెలిసిపోయింది.

మొదటి రోజు ఓంప్రకాష్ గెలిచి, అందరికంటే ముందున్నవాడికిచ్చే పసుపు బనీను తొడుక్కున్నాడు. రెండో రోజు వల్సాడ్ దాటేదాకా శ్యాంసుందర్ మూడుసార్లు నీళ్లకు వెళ్లొచ్చాడు. ఎండ పెద్దగా లేదు. తెగించి ముందుకు ఉరికేవాళ్లు కూడా లేరు. గుంపంతా పెళ్లివారిలా కబుర్లు చెప్పుకుంటూ సాగుతోంది. అలాంటి సమయంలో ఓంప్రకాష్ పక్కకు వచ్చి హిందీలో అడిగాడు.

"ఇవాళ నీ ఊరే కదా. ముఖం అలా పెట్టావేం?"

శ్యాంసుందర్ దాచలేక సంగతంతా చెప్పేశాడు. ఓంప్రకాష్ నవ్వడానికి ముందు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు, ఆ తర్వాత నవ్వాడు. నవ్వడం అయ్యాక గుంపులో పెద్దవాళ్లయిన ఇద్దరు ముగ్గురి దగ్గరికి వెళ్లి ఏదో మాట్లాడి వచ్చాడు.

"అందరూ ఒప్పుకున్నారు. నువ్వు ముందు వెళ్లు. దిగు, అమ్మానాన్నలను పలకరించు, ఏదైనా పెడితే తిను. మేం మెల్లగా వస్తాం. వచ్చాక మాతో కలువు."

ఇది ఆ పందేల్లో ఉన్న మర్యాదే. సొంత ఊరు వచ్చినప్పుడు ఆ ఊరి కుర్రాణ్ని నాలుగడుగులు ముందు పంపుతారు. వాడు ఆ అవకాశం తీసుకుని పారిపోకూడదు, అంతే. శ్యాంసుందర్ ఇతరులకు ఆ మర్యాద జరగడం చూశాడు గానీ, తనకు జరుగుతుందని అనుకోలేదు. సీటు మీంచి లేచి ముందుకు తొక్కాడు.

సూరత్‌కు ముందే వచ్చే పల్సానా నాకా కూడలి దగ్గర రోడ్డుకు రెండువైపులా జనం. సాంచాల కార్మికులు బనీన్లకు అంటిన దూది పోగులతోనే వచ్చి నిలబడ్డారు. మలుపులో ఒక్కడే, వెనక ఇంకెవరూ లేకుండా, శ్యాంసుందర్ కనిపించేసరికి జనం ఒక్కసారి కేకలేశారు. బ్రహ్మచారి భుజం మీది తువ్వాలు తీసి తిప్పుతున్నాడు. సాంబయ్యేమో పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నాడు. ఆ చెయ్యి కార్ఖానా సేటుదని ఆయనకు తర్వాత తెలిసింది.

శ్యాంసుందర్ వాళ్ల ముందుకొచ్చి, బ్రేకు వేసి, సైకిల్ దిగాడు.

బ్రహ్మచారి తువ్వాలు గాల్లోనే ఆగిపోయింది.

"పంచర్ అయిందా?" అంది సారక్క సన్నగా.

"పంచర్ గాలే అవ్వా. మిమ్మల్ని చూద్దామని దిగిన."

"మమ్మల్నా?" సాంబయ్య కళ్లు పెద్దవయ్యాయి. "మమ్మల్ని చూసుడేంది రా? మేమేడికి పోతం? ఎక్కు ముందుగాల."

"బాపూ, జర ఆగుండ్రి. వాళ్లే పొమ్మన్నరు. ఆళ్లు మెల్లగ వస్తరు."

"ఆళ్లు గట్లనే అంటరు" అన్నాడు బ్రహ్మచారి. "ఓడగొట్టేటోడు ఎవడన్న చెప్పి ఓడగొడ్తడా? నువ్వు ఒట్టి అమాయకునివి."

సారక్క చేతిలోని టిఫిన్ డబ్బా మూత సగం తీసింది. సర్వపిండి రొట్టెల వాసన వచ్చింది. శ్యాంసుందర్ చెయ్యి చాచాడు. అంతలో దూరంగా జీపు హారన్ వినిపించింది. సారక్క డబ్బా మూత టక్కున పెట్టేసింది.

"ఇంట్ల తిందువు. పో బిడ్డా, వస్తున్నరు."

"అవ్వా, ఒక్క ముక్క."

"ఫస్టు వచ్చినంక డబ్బా అంత నీదే."

సాంబయ్య అప్పటికే కొడుకును రెక్క పట్టుకుని సీటు మీద కూర్చోబెట్టాడు. వీపు మీద చెయ్యి వేసి నూకాడు. బ్రహ్మచారి రెండో పక్క నుంచి నూకాడు. వాళ్లను చూసి ఇంకో పదిమంది కార్మికులు నూకారు. శ్యాంసుందర్ "వద్దు వద్దు" అంటూనే ఉన్నాడు. తెరచాప కట్టిన పడవలా సచిన్ ఊరికి పోయే రోడ్డు మీదికి కొట్టుకుపోయాడు. ఇదంతా వెనక జీపులో నిలబడ్డ పందెం పెద్దమనిషి కళ్లారా చూశాడు. చూసేవాళ్లు నూకడం నేరం. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

ఇప్పుడు శ్యాంసుందర్‌కు వచ్చిన చిక్కు వేరు. మాట ప్రకారం గుంపు వచ్చేదాకా నెమ్మదిగా పోవాలి. కానీ సచిన్ దాకా రోడ్డు పక్కన తెలుగువాళ్లే ఉన్నారు. అందరూ "ఉరుకు, ఉరుకు" అని అరుస్తున్నారు. డ్యూటీకి పోతున్న ఒక నడివయసు మనిషి, క్యారియర్ మీద సద్దిగిన్నె కట్టుకున్న పాత సైకిల్‌తో, మెల్లగా అతన్ని దాటాడు. దాటుతూ వెనక్కి తిరిగి చూశాడు.

"ఏంది తమ్మీ, గిట్ల తొక్కితే జీతం ఇస్తున్నరా? నన్నన్న పెట్టుకోమను."

చివరికి గుంపు వచ్చి కలిసింది. ఓంప్రకాష్ పక్కకు చేరి, "ఏం తిన్నావ్?" అన్నాడు.

"ఏమీ లేదు. నూకేశారు."

ఆ మాట ముందు వరస నుంచి చివరి వరస దాకా పాకింది. వెనకెక్కడో హర్యానా కుర్రాళ్లు నవ్వు ఆపుకోలేక సైకిళ్ల మీద తడబడటం వినిపించింది. శ్యాంసుందర్ కూడా నవ్వాడు గానీ, లోపల తండ్రి చెయ్యి వీపు మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

సూరత్ పొలిమేరలో, పాండేసరా దగ్గర నవ్వులు ఆగిపోయాయి. అసలు పందెం అక్కడ మొదలైంది. అందరూ ఒకేసారి వేగం పెంచారు. రోడ్డు తవ్వి పూడ్చిన చోట ఓంప్రకాష్ ముందు చక్రం గుంతలో పడి వంకర తిరిగింది. కంపెనీ జీపు లారీల వెనక ఎక్కడో ఇరుక్కుపోయింది. శ్యాంసుందర్ ఆలోచించలేదు. దిగి, తన ముందు చక్రం ఊడబీకి, ఓంప్రకాష్ సైకిల్‌కు బిగించి, అతన్ని నూకి సాగనంపాడు. తోటివాణ్ని నూకడం మాత్రం నేరం కాదు, అది వాళ్ల పనిలో భాగం. జట్టులోని మిగతా నలుగురూ ఓంప్రకాష్‌ను మధ్యలో పెట్టుకుని దూసుకుపోయారు. మొత్తం పందెం శ్యాంసుందర్ పక్కనుంచే వెళ్లిపోయింది. ఒంటి చక్రం సైకిల్ పట్టుకుని అతను రోడ్డు పక్కన మిగిలాడు.

అది సరిగ్గా బమ్రోలి తోవ మలుపు. పల్సానా దాకా పోలేని ముసలివాళ్లంతా అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ల ఇళ్ల లైన్లో అందరికీ పెద్దదిక్కయిన బాలవ్వ లేచి వచ్చింది.

"నీ చక్రం వానికెందుకిచ్చినవ్ రా?"

"ఆయన గెలవాలె పెద్దవ్వా. నేను గెలిపియ్యాలె. నన్ను పెట్టుకున్నదే గందుకు."

మూడేళ్లు నాలుక చివర ఆగిన మాట, బాలవ్వ ముందు ఇంత సులువుగా వచ్చేసినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. బాలవ్వ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నలుగురు కొడుకుల కని సాదిన. ఒగని గిన్నెలున్నది ఇంకొగనికి పెట్టుమంటే ఇల్లు పీకి పందిరేసిండ్రు. నీకెవరు నేర్పిండ్రు రా గీ బుద్ధి?" అంది. జవాబు కోసం ఆగకుండా, చాయ్ కోసం గ్లాసు వెతకడానికి వెళ్లింది.

జీపు వచ్చి చక్రం ఇచ్చేసరికి చాయ్ కూడా అయిపోయింది. అతను సూరత్ చౌపాటీలో పందెం ముగిసే చోటికి చేరేటప్పటికి అక్కడ షామియానా విప్పుతున్నారు. తన తర్వాత ఇంకొక్కడే ఉన్నాడు, నాసిక్ కుర్రాడు, అతనికి జ్వరం. ఓంప్రకాష్‌కు పసుపు బనీను మాత్రం దక్కింది.

సాయంత్రం ఓంప్రకాష్ తనూ బమ్రోలి వస్తానన్నాడు. "నేను మీ నాన్నకు చెబుతాను, నీ గురించి నాలుగు మంచి మాటలు" అన్నాడు. శ్యాంసుందర్ వద్దన్నాడు. తను ముందు పోయి చెప్పుకుంటానని, గంట తర్వాత రమ్మని బయలుదేరాడు.

సాంబయ్య గుమ్మం ముందు మంచం వాల్చుకుని కూర్చున్నాడు. కొడుకు వచ్చి పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"బాపూ. నేను ఫస్టు రాను. ఇప్పుడే గాదు, ఎప్పుడూ రాను. నా పని గది గాదు."

గాలి సంగతి, నీళ్ల సంగతి, చక్రం సంగతి అన్నీ చెప్పాడు. సాంబయ్య గోడకు ఆనించిన తన సైకిల్ వైపు చూశాడు.

"గీ మాట ముందుగాల చెప్పద్దా? సేటుకు ఫస్టని చెప్పిన. ఇప్పుడు ఎన్నో నంబరని చెప్పాలె?"

"నలభై. అట్ల ఇట్ల."

"నలభై ఎనక గూడ మనుషులుంటరా?"

"ఒక్కడున్నడు బాపూ. జరమొచ్చినోడు."

"మరింకేంది. వాని అయ్య గూడ రేపు డ్యూటీకి పోవాలె గద." గొంతు తగ్గించి అడిగాడు. "గా జీపుల ఆయన ఏదో రాసుకున్నడు. నిన్నేమన్న అన్నడా?"

"నా టైముకు ముప్పై సెకన్లు కలిపిండ్రు. మీరు నూకిండ్రని."

సాంబయ్య మొహం చిన్నబోయింది. "నేను మెల్లగనే నూకిన. గట్టిగ నూకింది బ్రహ్మచారి."

"నేను పక్కపొంటి ఉరికిన, అంతే" అని గోడ అవతలి నుంచి బ్రహ్మచారి గొంతు వినిపించింది.

శ్యాంసుందర్‌కు నవ్వు ఆగలేదు. సాంబయ్య ముందు కోపంగా చూశాడు. తర్వాత ఆయన భుజాలు కూడా కదలడం మొదలయ్యాయి.

ఓంప్రకాష్ వచ్చి ఎనిమిది సర్వపిండ్లు తిన్నాడు. సారక్క తొమ్మిదోది వేస్తూ తన హిందీలో, "బేటా, కల్ సే గడ్డా దేఖ్‌కే చలావ్. మేరే బచ్చే కో ఏక్ హీ చక్కా రహతా హై" అంది. రేపటి నుంచి గుంతలు చూసి తొక్కు, నా బిడ్డకు ఒక్క చక్రమే మిగులుతోందని. పసుపు బనీను వీరుడు బుద్ధిగా తల ఊపాడు. బికనీర్‌లో తన తల్లి కూడా తనను ఇలాగే కసురుతుందని, నాలుగేళ్లయినా ఆమె ఒక్క పందెం చూడలేదని చెప్పాడు. సారక్క అతని కంచంలో నెయ్యి వేసింది.

అహ్మదాబాద్‌లో ఓంప్రకాషే గెలిచాడు. శ్యాంసుందర్ నలభై ఒకటో వాడు. బస్తీలో కొన్నాళ్లు అతన్ని "చూడనీకి దిగినోడు" అని పిలిచారు. నూకినవాళ్లలో నేనున్నానంటే నేనున్నానని చెప్పుకునేవాళ్ల సంఖ్య పదిమంది నుంచి యాభై దాకా పెరిగింది.

పందెం అయ్యాక అతను నాలుగు రోజులు ఇంటికొచ్చాడు. అందులో ఒక రోజు తండ్రీకొడుకులు దగ్గర్లోని ఆల్థాన్‌లో చుట్టాల ఇంటికి బయలుదేరారు. సాంబయ్య తన సైకిల్ మీద, శ్యాంసుందర్ బ్రహ్మచారి దగ్గర అడిగి తెచ్చుకున్న సైకిల్ మీద. బస్తీ దాటి ఖాళీ జాగాల్లోకి రాగానే ఎదురుగాలి కొట్టింది. పక్కన వస్తున్న తండ్రి మెల్లగా వెనక్కి తగ్గి, తన వెనక చేరడం శ్యాంసుందర్ గమనించాడు. కొంతదూరం అలాగే పోయారు.

"నిజమే రా" అన్నాడు సాంబయ్య వెనక నుంచి. "గాలి తగుల్తనే లేదు."

శ్యాంసుందర్ వేగం కొద్దిగా తగ్గించాడు.

"నడిమిట్ల తొక్కు" అన్నాడు సాంబయ్య. "జర వెడల్పుగ కూసో."