మూరెడు తీగ వేగం

ఫోన్ తీగ మీద మోడెమ్ కీచుమంటే అనూరాధకు ఒకప్పుడు నవ్వొచ్చేది. పిల్లిని గోనెసంచిలో వేసి మూతి కట్టినట్టు ఆ అరుపేమిటో! ఊరంతా ఫైబర్ మీద పరుగెడుతుంటే, ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న వాళ్ల ఆఫీసు మాత్రం ఆ పాత డబ్బానే పట్టుకు వేలాడేది. యజమాని పిసినారితనం అలాంటిది. జెట్టీ చివర, నీళ్ల అడుగున సముద్రమట్టం కొలిచే యంత్రం ఒకటుండేది. రోజూ మధ్యాహ్నం అది ఫోన్ చేసి, తన పైన నీళ్లెంత ఎత్తున ఉన్నాయో చెబితే ఇక్కడి మోడెమ్ అందుకునేది.

ఆ యంత్రాన్ని చూసుకునేవాడు ఆమె భర్త దుర్గారావు, జాలరిపేటవాడు. మొన్నటి తుపానులో దాన్ని విప్పి తెద్దామని వెళ్లాడు. జెట్టీ చివర విరిగి, యంత్రంతో పాటు అతన్నీ సముద్రం పట్టుకుపోయింది. శవం దొరకలేదు.

గడ్డిబొమ్మ చేసి దహనం చెయ్యాలని పేట పెద్దలన్నారు. అత్త పోతమ్మ గుండె రాయి చేసుకుని సరేనంది. అనూరాధే సాగనివ్వలేదు. ఎందుకంటే, తెగిపోయిన ఆ లైను మీద మళ్లీ ఫోనొస్తోంది.

మొదటిసారి స్క్రీన్ మీద వేగం 2400 అని పడింది. తరవాత 9600. ఆపైన 14400. తీగ పొడుగైనకొద్దీ వేగం చచ్చిపోతుందని, దగ్గరైతే పుంజుకుంటుందని నేర్పింది దుర్గారావే. ఓసారి యంత్రం మోడెమునూ ఆఫీసు మోడెమునూ ఇదే బల్ల మీద మూరెడు తీగతో కలిపి చూపించాడు.

"33600. ఇంతేనే. పక్కపక్కనెట్టినా ఇంతకు మించి పోదు," అన్నాడు.

"ఒస్తన్నాడత్తా! రోజురోజుకీ దగ్గరకొస్తన్నాడు," అని చెప్పింది అనూరాధ.

పోతమ్మ కోడలి మొహం చూసి హడలిపోయింది. "ఓలమ్మా, నీకేటైనాదే? ఒచ్చేవోడు ఇంటికి రాడేటి? కర్మ సెయ్యకపోతే ఆడికి దారి దొరకదే."

దారి దొరక్కపోతేనే మంచిది, ఇటే వస్తాడు అనుకుంది అనూరాధ. ఆశకు సిగ్గుండదు.

ఆవేళ మిట్టమధ్యాహ్నం మోడెమ్ అరిచింది. 33600.

గదిలో ఎవరూ లేరు. అయినా ఆమె ఎడమపక్క చల్లబడింది. ఉప్పువాసన. సంతోషంతో కుర్చీలోంచి లేచింది. "మావా" అంటూ చెయ్యి చాచింది. ఏమీ లేని ఆ గాలిలో వేళ్లు నీళ్లలోకి దిగాయి, మణికట్టు దాకా.

స్క్రీన్ మీద లెక్క పడింది. పైన నీరు: పన్నెండు మీటర్లు.

అప్పుడర్థమైంది. అతను బయటపడి రావడం లేదు. ఆ నీళ్లన్నీ నెత్తిన మోసుకుంటూ మునిగినవాడు మునిగినట్టే ఈడ్చుకొస్తున్నాడు. కర్మ సాగనివ్వకుండా అతన్ని ఇటు లాగుతున్నది తనే. భోరున ఏడ్చింది.

తడిచేత్తోనే పోతమ్మకు ఫోన్ చేసింది.

"అత్తా, గడ్డిబొమ్మ కట్టించీ. దానికి పొడి సొక్కా తొడుగుదాం. నీ కొడుకు సలికి వణికిపోతన్నాడు."