కుడివైపు ఎండ

గడ్డం గీసుకుంటూ కుడి చెంప దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదిస్తుంది. ఎడమ చెంపకీ దానికీ పోలికే లేదు. ఎడమది నీడపట్టున పెరిగినట్టు నున్నగా ఉంటుంది. కుడిది నల్లబడి, కంటి పక్కన ముడతలు పడి, ఇంకెవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

తప్పు చెంపది కాదు, ఎండది. అతను నడిపే విమానం పొద్దున్నే ఉత్తరానికి పోతుంది. అప్పుడు సూర్యుడు కుడివైపు. సాయంత్రం దక్షిణానికి తిరిగొస్తుంది. అప్పటికి సూర్యుడు పనిగట్టుకుని ఆకాశమంతా దాటి, మళ్ళీ కుడివైపుకే వచ్చి కూర్చుంటాడు. కుడి కుర్చీ కో-పైలట్‌ది. చల్లగా, నీడగా ఉండే ఎడమ కుర్చీ కెప్టెన్‌ది. ఉద్యోగమంతా కుడి కుర్చీలోనే గడిచిపోయింది కనక కంపెనీలో అందరూ అతన్ని ‘కుడిపక్కాయన’ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

“ఏమండీ, అద్దం అరిగిపోతుంది, ఇక రండి.”

వంటింట్లో రొట్టె కాలుతున్న కమ్మటి వాసన. భార్య ఒక చేత్తో గుడ్డు పెంకు ఒలుస్తూ, రెండో చేత్తో అతని చొక్కా భుజాల మీద మూడు గీతల పట్టీలు సర్దింది. కెప్టెన్‌కి నాలుగు గీతలుంటాయి. ఆ నాలుగో గీత ఉండాల్సిన చోట ఆమె వేలితో ఒకసారి రాసి వదిలేసింది. ఇన్నేళ్ళుగా అది ఆమె అలవాటు. అతనికి ఆ వేలు తగిలితే గానీ తెల్లవారినట్టుండదు.

“ఎడమ కుర్చీ పెద్దాయన ఏమైనా తేల్చాడా?”

“వాడేం తేలుస్తాడు? సాయంత్రం దాకా గడువుందిగా.”

“అడక్కూడదూ?”

“ఏమని అడగను? నువ్వు దిగిపోతే నేను కూర్చుంటానని అడగనా?”

ఆమె ఒలిచిన గుడ్డు అతని నోట్లో పెట్టేసింది. “అంతా మా అత్తగారి వల్లే వచ్చింది. రెండ్రోజులు ముందు కనేస్తే ఆవిడ సొమ్మేం పోయేది?”

నోరు నిండుగా ఉండడం వల్ల అతను కళ్ళతోనే నవ్వాడు.

నిజానికి విషయమంతా ఆ ఒక్క రోజు దగ్గరే ఉంది. అతనూ, పెద్దాయనా ఒకే ఉదయం ఉద్యోగంలో చేరారు. ఒకేరోజు చేరినవాళ్ళలో ముందు పుట్టినవాడే పైన ఉండాలని కంపెనీ నియమం. పెద్దాయన అతనికంటే సరిగ్గా ఒక్క రోజు పెద్ద. పురిట్లోనే ఓడిపోయిన పందెం అది. ఎడమ కుర్చీ పెద్దాయనకి వచ్చి, అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ఇస్తామన్నప్పుడు కొత్త విమానాలు రాలేదు. ఇంకోసారి ఇస్తామన్నప్పుడు వచ్చిన విమానాలు తిరిగిపోయాయి.

ఇప్పుడు టిక్కెట్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఇష్టమున్నవాళ్ళు ముందే పదవీ విరమణ చెయ్యొచ్చు, జీతం లేని సెలవైనా పెట్టుకోవచ్చు అంది కంపెనీ. చేతులెత్తినవాళ్ళు చాలకపోతే వరుసలో కిందినుంచి ఇంటికి పంపేస్తామనీ, మంచిరోజులొస్తే పిలుస్తామనీ చెప్పింది. కుర్రవాళ్ళంతా ఇప్పటికే వెళ్ళిపోయారు. కోత మెట్టు మెట్టూ ఎక్కుతూ వచ్చి సరిగ్గా వాళ్ళిద్దరి మధ్య నిలబడింది. పైన పెద్దాయన ఉంటాడు, కింద తను పోతాడు. పైనున్నవాళ్ళలో ఏ ఒక్కరు తమంతట తాము దిగినా కోత ఒక మెట్టు కిందికి జారుతుంది. తను మిగులుతాడు. పైవాళ్ళంతా దిగేది లేదని ఖరాఖండీగా చెప్పేశారు. ఏమీ చెప్పనివాడు పెద్దాయన ఒక్కడే.

ఆ పెద్దాయన విమానం మెట్ల దగ్గర నిలబడి జుట్టు దువ్వుకుంటున్నాడు. ఈ వయసులో అంత జుట్టు ఉండడమే దౌర్జన్యం, దాన్ని పదిమందిలో దువ్వుకోవడం మరీనూ.

“రారా, నీకోసం సూర్యుడు ఎదురుచూస్తున్నాడు,” అన్నాడు పెద్దాయన.

పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు నడపడం వాళ్ళ పద్ధతి. ఇవాళ పోయేది కుడిపక్కాయన వంతు. మబ్బులు దాటగానే పొద్దుటి వెలుగు రెక్క మీద వెన్నలా పరుచుకుంది. ఎన్నిసార్లు చూసినా అతనికి అక్కడ ఒళ్ళు చిన్నగా పులకరిస్తుంది. మరుక్షణమే, ఇదంతా రేపు ఎవరో చూస్తారన్న ఆలోచన ముల్లులా గుచ్చుకుంది. టీ వచ్చింది. మొదటి కప్పు ఎడమవైపుకే. తనది అందేసరికి ఎప్పట్లాగే చల్లారింది.

దిగేటప్పుడు చక్రాలు నేలని ఎప్పుడు తాకాయో వెనక కూర్చున్నవాళ్ళకి తెలియలేదు. పాపాయిని పడుకోబెట్టినట్టు దింపాడు. పెద్దాయన కనుబొమలు ఎగరేశాడు.

తలుపు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. బంగారు అంచు కళ్ళజోడు పెట్టుకున్న ముసలావిడ పెద్దాయన రెండు చేతులూ పట్టుకుంది. “చల్లగా ఉండు బాబూ. పువ్వులా దింపావు.”

“అంతా మీ దీవెన, అమ్మా,” అన్నాడు పెద్దాయన, తడుముకోకుండా.

ఎప్పుడూ ఇంతే. నాలుగు గీతలున్నవాడే దింపాడనుకుంటారు జనం. ఇన్నేళ్ళలో తను మెత్తగా దింపినవన్నీ ఆ నాలుగో గీత ఖాతాలోకే పోయాయి. ‘నేను కాదమ్మా, ఇతను’ అని ఒక్కసారైనా అన్నాడా! అనడు. జుట్టు దువ్వుకుంటాడు.

తిరుగు ప్రయాణానికి ఇంకా టైముంది. సిబ్బంది గదిలో కిటికీ పక్కన కూర్చుని, పెద్దాయన బూట్ల తాళ్ళు వదులు చేసుకుంటూ మామూలుగా అన్నాడు.

“పొద్దున్నే ఆఫీసుకి చెప్పేశానురా. దిగిపోతున్నా. రేపట్నుంచి మిగిలిన సెలవులు వాడుకుని, అటునుంచి అటే. ఎవరికీ చెప్పొద్దన్నా. ఆ దండలూ, ఉపన్యాసాలూ నా వల్ల కాదు.”

కుడిపక్కాయనకి చేతిలో కప్పు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. “నా కోసమా?”

“అంత సీన్ లేదు. నువ్వు పోతే నన్ను నీ కుర్చీలోకి దింపుతారట. ఆ ఎండ ఎవడు భరిస్తాడురా? నీ మొహం రోజూ చూస్తున్నానుగా.” రెండో బూటు తాడు లాగుతూ మళ్ళీ అన్నాడు. “మా ఆవిడ ఈత నేర్చుకుంటోంది. నన్నూ రమ్మంటోంది. ఇన్నేళ్ళు సముద్రం మీద తిరిగాను, మోకాలి లోతు నీళ్ళంటే భయం నాకు.”

కుడిపక్కాయన బయటికెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు.

“వాడు దిగిపోతున్నాడు. నేను ఉన్నాను.”

అవతల ఏదో గిన్నె కిందపడిన చప్పుడు, ఆ తర్వాత నవ్వో ఏడుపో తెలియని గొంతు. “నిజంగానా? నా మీద ఒట్టు?”

“నిజమే. వాడు ఈత నేర్చుకుంటాడట. పెళ్ళాంతో కలిసి. పొద్దున్నే.”

“అయితే?”

“అయితే ఏముంది? నేను అలారం మోగకముందే లేచి ఎండలో పడి వస్తుంటే, వాడు నీళ్ళలో చల్లగా తేలుతుంటాడు. పోవడంలో కూడా వాడే ముందు.”

“ఏమండీ,” అంది ఆమె, “ఉద్యోగం నిలబడిందని చెప్పడానికి ఫోన్ చేశారా, ఊడిందని చెప్పడానికా? ముందు ఇంటికి రండి. ఈతకి మనమూ పోదాం, బకెట్లో.”

అతను నవ్వాడు గానీ ముల్లు మాత్రం పోలేదు. ఇంతకాలం పెద్దాయన కుర్చీని చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఆ కుర్చీ వదిలి పోయే తీరుని చూసి కుళ్ళుకుంటున్నాడు. తనమీద తనకే చిరాకేసింది.

తిరుగు ప్రయాణం పెద్దాయన వంతు. దారంతా ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. పడమటి ఎండ కుడి చెంప మీద పడి చురుక్కుమంటోంది. కిందికి దిగుతుంటే ఊరి ఇళ్ళ కిటికీలన్నీ ఒక్కసారి మెరిశాయి. ‘బాగుంది’ అన్నాడు పెద్దాయన, ఎవరితోనో అన్నట్టు.

రన్‌వే దగ్గరపడింది. విమానం ముక్కు ఎత్తాల్సిన క్షణం వచ్చింది. పెద్దాయన చేతులు కదల్లేదు. కుడిపక్కాయన చెయ్యి ముందుకు వెళ్ళబోయింది. అంతలోనే పెద్దాయన కదిలాడు గానీ, ఆలస్యమైంది. విమానం దబ్బున పడి, ఒకసారి ఎగిరి, మళ్ళీ పడింది. వెనక ఎవరో కెవ్వుమన్నారు. పైన సామాన్ల అరలు రెండు తెరుచుకున్నాయి.

“గాలి,” అన్నాడు పెద్దాయన గొంతు సవరించుకుని.

రన్‌వే పక్కన గాలి చూపించే గుడ్డసంచి కదలకుండా వేలాడుతోంది. కుడిపక్కాయన దాన్ని చూశాడు, పెద్దాయన వైపు మాత్రం చూడలేదు. ఇన్నేళ్ళూ ఈ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. తీరా వచ్చాక చెవులు మూసుకోవాలనిపించింది.

తలుపు దగ్గర మొదట వచ్చినవాడు నడుం మీద చెయ్యేసుకున్న భారీ మనిషి.

“ఎవరయ్యా దింపింది? ఇది విమానమా, రాళ్ళ లారీయా?”

పెద్దాయన నోరు తెరిచాడు. కుడిపక్కాయన ఒక అడుగు ముందుకేశాడు.

“నేనేనండీ. క్షమించండి.”

భారీ మనిషి మూడు గీతలనీ, నల్లబడిన చెంపనీ పైకీ కిందికీ చూసి, పెద్దాయన వైపు తిరిగాడు. “మీరుండి కూడా ఇలాంటివాళ్ళకి వదిలేస్తే ఎలాగండీ?”

“బాగానే దింపుతాడండీ,” అన్నాడు పెద్దాయన. “పొద్దున అంత మెత్తగా దింపింది కూడా ఇతనే.”

పొద్దున వచ్చినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. వినాల్సిన ముసలావిడ ఎక్కడో ఉత్తరాన మనవలతో టీ తాగుతూ ఉంటుంది. అయినా ఆ మాట అతని చెవిలో వెచ్చగా దిగింది.

అందరూ దిగిపోయాక పెద్దాయన సంచీ భుజాన వేసుకున్నాడు.

“ఎందుకురా అలా చెప్పావు?”

“ఇన్నేళ్ళూ నావన్నీ నువ్వు తీసుకున్నావుగా. నీది ఒక్కటి నేను తీసుకున్నా.”

పెద్దాయన నవ్వి, అతని భుజం మీద ఒక్క దెబ్బ వేసి, కారిడార్లో నడుస్తూ పోయాడు. చెయ్యి ఊపలేదు, వెనక్కి తిరగలేదు. మలుపు దగ్గర ఆ జుట్టు ఒక్క క్షణం కనబడి మాయమైంది. అంత దూరం నుంచి చూసినా అసూయ పుట్టించేంత నిండుగానే ఉంది.

కుడిపక్కాయన తన సంచీ కోసం లోపలికి వచ్చాడు. అద్దాల్లోంచి చివరి వెలుగు పడుతోంది. ఎడమ కుర్చీ వెనక్కి జరిపి ఉంది. దాని మీద ఇస్త్రీ మడతలు విడని తెల్లటి చేతి రుమాలు ఒకటి ఉంది, ఒక్క మూల మాత్రం ఇంకా తడిగా.