ఆంబోతుకు చేయించిన పరీక్ష

గౌరీశ్వరికి మూడోసారి కడుపు పోయిన నెలలోనే గురునాథరావు ఆవులకు చూడి నిలవడం మానేసింది. ఆవుల సంగతికి ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాత్రం, ఓడ వచ్చిందని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

గురునాథరావు పోర్టులో ఓడల సరుకు ఎత్తి దించే వించ్ డ్రైవరు. గోపాలపట్నంలో సొంత ఇల్లు, పెరట్లో ఐదు జెర్సీ ఆవులు, వాటికి తోడు ఓ ఆంబోతు. ఎనభై మూడులో దాన్ని కొన్న నాటి నుంచి ఆ వీధిలో ఆయన నడకే మారింది. చూడి కట్టించే సర్కారు సూదులు తన ఆవులకు అక్కర్లేదని చెప్పుకునేవాడు.

పశువుల డాక్టరు భీమశంకరరావు వచ్చి ఆవులను పరీక్షించాడు. లోపల ఎర్రగా, ఆవగింజల్లా పొక్కులున్నాయి. తర్వాత ఆంబోతు నుంచి నమూనా తీసి ల్యాబుకు పంపాడు. పది రోజులకు జవాబు వచ్చింది.

"తప్పు ఆవుల్లో లేదు బావా. ఈ ఆంబోతే రోగం మోస్తన్నాది. కంటికి కనపడని పురుగు. దీనికేటీ బాధుండదు, మేత మేస్తాది, రంకెలేస్తాది. దాటిన ఆవుకల్లా అంటిస్తాది."

ఆంబోతును వేరే కొట్టంలో కట్టేశారు. ఆవులకు మందులు పడ్డాయి. గురునాథరావు ఈ కథంతా టీ కొట్టులో పదిమందికీ చెప్పాడు. "మందలో తేడా వస్తే ముందు మొగదాన్ని సూడాలి!" అని, తానే కనిపెట్టినట్టు.

అదే రోజుల్లో గౌరీశ్వరి సీతమ్మధారలో డాక్టరు పద్మావతి దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. పద్మావతిది గుడివాడ వైపు. నెమ్మదిగా మాట్లాడుతుంది, దాపరికం లేకుండా మాట్లాడుతుంది. రక్తం, షుగరు, గర్భసంచి అన్నీ చూసింది, ఏ లోపమూ కనిపించలేదు. చివరికి తన స్నేహితురాలి ల్యాబుకు నమూనా పంపింది. సీసాలో పసుపుపచ్చగా ఉన్న ద్రవం మర్నాటికి గులాబీ రంగుకు తిరిగింది.

"ఈ క్రిమిని యూరియాప్లాస్మా అంటారమ్మా. చాలామందిలో ఊరికే ఉంటుంది, ఏ హానీ చెయ్యదు. కొందరిలో పైకి పాకి గర్భానికి చేటు తెస్తుందంటున్నారు. నీకు దీనివల్లే పోయాయని ఒట్టేసి చెప్పలేను. కానీ వేరే కారణమేదీ నాకు దొరకలేదు. మీ ఆయనకీ పరీక్ష చెయ్యాలి. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. నువ్వొక్కదానివే వాడితే మళ్ళీ అంటుకుంటుంది."

గౌరీశ్వరి ఇద్దరికీ సరిపడా మాత్రలు కొని ఇంటికి తెచ్చింది. సంగతి వినగానే గురునాథరావు మొహం ఎర్రబడింది.

"మొగోడికి పరీక్షేటి? నాకేటి రోగం? రెండు పూట్లా కుంచెడు తిని అరిగించుకుంటన్నాను!"

అదే ఆరోగ్యమని ఆయన నమ్మకం. తన వంతు మాత్రలు తీసి వీధి కాలువలోకి విసిరేశాడు. తల్లి ఆదిలక్ష్మమ్మ గడపలోంచి అందుకుంది. "నీ కడుపు నిలవకపోతే నా కొడుకు మీద నిందేటే?"

"ఆంబోతుకి సేయించినారు కదండీ," అంది గౌరీశ్వరి.

మొగుడి దెబ్బకు చెంప పగిలింది. ఆ సాయంత్రమే ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుని, పూర్ణా మార్కెట్‌లో కూరగాయలమ్మే పిన్ని నూకాలు దగ్గరికి వెళ్ళిపోయింది. తన మాత్రలు ఒక్క పూటా తప్పకుండా వేసుకుంది.

రెండు నెలలు గడవకుండానే ఆదిలక్ష్మమ్మ కొడుక్కి రెండో సంబంధం చూసింది. పెందుర్తి దగ్గర మంగాయమ్మ కూతురు. మొదటిది గొడ్రాలని చెప్పారు. ఆ ఊరి నుంచి వంకాయలు తెచ్చే వాళ్ళ నోట నూకాలుకు కబురు తెలిసింది. తాంబూలాలకు నాలుగు రోజుల ముందు గౌరీశ్వరి బస్సెక్కి మంగాయమ్మ ఇంటికి వెళ్ళింది.

"నాను గొడవకి రానేదమ్మా. మీ పిల్లనివ్వొద్దని కూడా సెప్పను. ముందు ఆయన్ని ఈ పరీక్ష సేయించుకోమనండి," అని డాక్టరు రాసిన చీటీ చేతిలో పెట్టింది. జరిగిందంతా చెప్పింది. మంగాయమ్మ ఇంట్లో నాలుగు పాడి ఆవులున్నాయి. ఆమెకు రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

తాంబూలాల రోజు గురునాథరావు టెర్లిన్ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వచ్చాడు. పళ్ళేలు పెట్టారు. పెద్దలు కూర్చున్నారు. మంగాయమ్మ అందరి ముందూ అడిగింది.

"బాబూ, డాక్టరు పరీక్ష సీటీ తెచ్చినావేటి?"

"ఏ పరీక్ష?"

"సీతమ్మదార డాక్టరమ్మ నిన్ను సేయించుకోమన్నది."

ఆదిలక్ష్మమ్మ లేచి నిలబడింది. "మొగోన్ని అడిగే మాటేనా ఇది?"

"ఆవుని దాటించడానికి తోలుకెల్లినా నాలుగు మాటలడుగుతాం. పిల్లనిచ్చినప్పుడు అడగమా?" అంది మంగాయమ్మ.

ఓ పెద్దమనిషి తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. ఆడవాళ్ళ గదిలోంచి నవ్వు ఆగకుండా వచ్చింది. గురునాథరావు ఎవరివో చెప్పులు తొడుక్కుని బస్సు దాకా నడిచాడు.

తర్వాత ఆయన పరీక్ష చేయించుకున్నాడు. విశాఖలో ఎవరైనా చూస్తారని ఎక్కడో దూరపు ఊళ్ళో, పేరు మార్చి. అక్కడా అదే తేలింది. తల్లికి తెలియకుండా, పొగాకు సంచిలో దాచుకుని పధ్నాలుగు రోజులు మందు మింగాడు. పదిహేనో రోజు పూర్ణా మార్కెట్‌కు వచ్చి, గౌరీశ్వరి కూరగాయలమ్ముతున్న తట్టల ముందు నిలబడ్డాడు.

"ఎవులికీ తెలీకుండా పేరు మార్సి పరీక్ష సేయించుకున్నాను. మందు మింగీసినాను. పద, ఇంటికెల్దాం." వరమిచ్చినట్టే ఉంది గొంతు.

గౌరీశ్వరి తక్కెడ దించలేదు. "మీ అమ్మకి సెప్పినారా?"

"ఆవిడికెందుకు?"

"నన్ను గొడ్రాలన్న వీధికి?"

"నాను మొగోన్ని. వీధిలో సెప్పుకోవాలేటి?"

అంతవరకూ ఆయన్ని 'మీరు' అన్న మనిషి తలెత్తి చూసింది. "మాత్ర మింగడానికి పేరు మార్సుకున్నావు. నన్ను కొట్టినప్పుడు నీ పేరే ఉంది. ఎల్లు, బేరాలాగిపోతన్నాయి."

ఆయన వెనక నుంచి ఎవరో "తప్పుకో బాబూ, వంకాయలు సూడాలి" అన్నారు. తప్పుకున్నాడు.

మరుసటి ఏడు గౌరీశ్వరి పద్మావతి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పిల్లలు నిలవక వచ్చిన ఆడవాళ్ళను లోపలికి పంపేది ఆమే. మొగుళ్ళు చాలామంది బయట స్కూటర్ల మీద కూర్చుని సిగరెట్లు కాల్చేవారు. ఆమె గుమ్మంలోకి వచ్చి, రోడ్డంతా వినపడేలా పిలిచేది.

"ఓ బాబూ, అక్కడేటి సేత్తన్నావ్? లోపలికి రా. నీకూ పరీక్షుంది."